చప్పట్లు సరే, నా టైమ్ ఎంత?

పాఠకురాలి ఉత్తరం:

అక్కా, నమస్తే. నా వయసు 24. స్కూల్లో, కాలేజీలో 400 మీటర్లు పరిగెత్తేదాన్ని. నా బెస్ట్ 62 సెకన్లు. మూడేళ్ళ కిందట రోడ్డు ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పుడు కృత్రిమ కాలితో నడుస్తున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. పోయిన నెల ఒక 5 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నాను. కాసేపు నడిచి, కాసేపు పరిగెత్తి అందరికంటే చివర వచ్చాను. గీత దాటగానే ఒకటే చప్పట్లు. స్టేజీ ఎక్కించారు, ఫొటోలు తీశారు, "స్ఫూర్తి" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. సంతోషంతో కాదు, కోపంతో. ఒక్కరంటే ఒక్కరు నా టైమ్ ఎంతని అడగలేదు. నేను కృతజ్ఞత లేనిదాన్నా? నాకు మళ్ళీ నిజంగా పరిగెత్తాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మేమో "ఉన్న కాలు కూడా పాడు చేసుకుంటావా" అంటోంది. అసలు నేను బాగా పరిగెత్తుతున్నానో, అందరూ జాలితో మెచ్చుకుంటున్నారో నాకెలా తెలుస్తుంది?
ఒక చెల్లెలు

సమాధానం:

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కోపమే కనిపించింది. ఒకప్పుడు నాకూ అదే కోపం ఉండేది కాబట్టి వెంటనే గుర్తుపట్టాను. రెండోసారి చదువుతుంటే ఇంకో సంగతి కంటపడింది. కాలేజీ రోజుల 62 సెకన్లు అంత కచ్చితంగా రాశావు. పోయిన నెల పరుగుకి ఎంతసేపు పట్టిందో మాత్రం రాయలేదు. బహుశా నువ్వూ చూసుకోలేదు.

తప్పు పట్టడానికి చెప్పడం లేదమ్మా. కాలో చెయ్యో పోయాక చుట్టూ ఉన్నవాళ్ళు మనల్ని లెక్కలతో చూడటం మానేస్తారు. టైములు, దూరాలు, ఎన్నో స్థానం అన్నవి అడిగితే మనం నొచ్చుకుంటామేమోనని అడగరు. కొన్నాళ్ళకి అది మనకీ అలవాటైపోతుంది, మనమూ వాచీ వైపు చూడం. ఆ అలవాటు నీకింకా పూర్తిగా పట్టలేదు, అందుకే ఏడుపొచ్చింది. కృతజ్ఞత ఉందా లేదా అన్న ప్రశ్న ఇక పక్కన పెట్టెయ్. చప్పట్లు కొట్టినవాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళ మీద నీకు కోపం వచ్చిందంటే నువ్వు చెడ్డదానివని కాదు, నీలో అథ్లెట్ ఇంకా బతికే ఉందని.

నా సంగతి కొంచెం చెప్తాను. చిన్నప్పుడే పోలియోతో నా కుడికాలు చచ్చుబడిపోయింది. కాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే లోహపు చట్రం) వేసుకుని చంకకర్రతో నడుస్తాను. ఇరవై దాటాక షాట్‌పుట్ మొదలుపెట్టి, కూర్చుని పద్నాలుగేళ్ళు గుండు విసిరాను. ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. మైదానానికి వెళ్ళిన మొదటిరోజు నిన్నో మొన్నో జరిగినట్టుంది. అంతకుముందు ఎవరు కలిసినా ముందుగా అడిగేది కాలికేమైందనే. ఆ కోచ్ మాత్రం అదేమీ అడక్కుండా నన్ను ఇనప సీటు మీద కూర్చోబెట్టారు. తొడల మీదుగా పట్టీలు బిగించి, మూడు కిలోల గుండు చేతికిచ్చి, విసురు అన్నారు. విసిరాను. టేపు పట్టుకెళ్ళి కొలిచి "నాలుగు మీటర్ల పన్నెండు" అని నోటుపుస్తకంలో రాసుకున్నారు. రాసుకుంటూనే, "పోటీలో అయితే ఇది లెక్కలోకి కూడా రాదు. గుండు చేతిలోంచి వెళ్ళేటప్పుడు నువ్వు సీటు మీంచి లేచావు. ఫౌల్. మళ్ళీ విసురు" అన్నారు. నా జీవితంలో ఒకరు నన్ను ఫౌల్ అనడం అదే మొదటిసారి. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదంటే నమ్ము.

అందుకే, ఎక్కడ మొదలుపెట్టాలని నువ్వు అడిగితే నా నోటివెంట మొదట వచ్చేది బ్లేడ్ (పరుగు కోసం చేసే కృత్రిమ పాదం) కాదు, డబ్బు కాదు. ఒక స్టాప్‌వాచ్, ఒక నోటుపుస్తకం.

వికలాంగుల పోటీలు పుట్టిందే లెక్కతో. రెండో ప్రపంచయుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులు ఒకటి రెండేళ్ళకి మించి బతకరని డాక్టర్లే ఆశ వదులుకునే రోజుల్లో, నాజీల జర్మనీ నుంచి ఇంగ్లండు వచ్చేసిన లుడ్విగ్ గట్‌మన్ అనే న్యూరాలజిస్టు స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వాళ్ళ వైద్యంలో ఆటల్ని కూడా భాగం చేశాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్యలో పోటీపడ్డారు. ఎవరి బాణం ఎక్కడ గుచ్చుకుందో చూసి పాయింట్లు వేశారు. పన్నెండేళ్ళ తర్వాత, 1960లో రోమ్‌లో జరిగిన మొదటి పారాలింపిక్స్‌కి, అంటే వికలాంగుల ఒలింపిక్స్‌కి, 23 దేశాల నుంచి 400 మంది వచ్చారు. 2024 పారిస్ పారాలింపిక్స్ నాటికి అది సుమారు 4,400 మంది, 549 పతక పోటీలు. ఆ 549 పోటీల్లోనూ ఎవరో ఒకరు చివర వచ్చారు. వాళ్ళని ఎవరూ స్టేజీ ఎక్కించలేదు. వాళ్ళ టైమో స్కోరో మాత్రం స్కోరుబోర్డు మీద కనపడింది, వాళ్ళ దేశంలో ఎవరో దాన్ని రాసుకున్నారు.

టాట్యానా మెక్‌ఫాడెన్ పేరు విన్నావా? 1989లో అప్పటి లెనిన్‌గ్రాడ్‌లో వెన్నెముక లోపంతో పుట్టింది. అనాథాశ్రమంలో చక్రాల కుర్చీ లేక చేతుల మీదే నడిచింది. ఆరేళ్ళ వయసులో ఒక అమెరికన్ తల్లి దత్తత తీసుకుంది. 15 ఏళ్ళకే 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో పతకాలు గెలిచి ఇంటికొచ్చింది. తీరా తన హైస్కూల్ పోటీల్లో ఏం జరిగిందంటే, మిగతా పిల్లలతో కలిపి పంపకుండా ఆమెను ట్రాక్ మీద ఒంటరిగా తిప్పారు. ఖాళీ ట్రాక్ మీద ఒక్క పిల్ల చక్రాలు తిప్పుకుంటూ పోతుంటే జనం చప్పట్లు కొడతారు, కొట్టరా మరి! ఆమె 2005లో కోర్టుకెళ్ళింది. నష్టపరిహారం అడగలేదు. మిగతావాళ్ళతో ఒకే సమయంలో, ఒకే ట్రాక్ మీద పోటీపడే హక్కు అడిగింది, గెలిచింది. 2008లో మేరీలాండ్ రాష్ట్రంలో దాని మీద చట్టమే వచ్చింది. పోయిన నెల నువ్వు ఇంటికొచ్చి ఏడ్చిన ఏడుపే ఆ పిల్లని కోర్టుదాకా నడిపించిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు నీ చివరి ప్రశ్నకి వస్తాను. బాగా పరిగెత్తుతున్నావో లేదో మనుషుల మొహాలు చూసి తేల్చుకోలేవు. దానికి వర్గీకరణ అనే పద్ధతి ఉంది. దాన్ని అర్థం చేసుకుంటే నీ సందేహం సగం తీరుతుంది. పారా అథ్లెటిక్స్‌లో ప్రతి ఒక్కరికీ ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. పరుగులకీ, దూకే పోటీలకీ టి, విసిరే పోటీలకి ఎఫ్. మోకాలి కింద ఒక కాలు లేక, కృత్రిమ కాలితో పరిగెత్తేవాళ్ళు మామూలుగా టి64లోకి వస్తారు. మోకాలి పైన పోయినవాళ్ళు టి63. చేతికి లోపం ఉన్నవాళ్ళు 45 నుంచి 47 దాకా, చక్రాల కుర్చీలో పోటీపడేవాళ్ళు 51 నుంచి 54 దాకా, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడం) వంటివి ఉన్నవాళ్ళు 31 నుంచి 38 దాకా. నీకు ఏ జబ్బు, ఏ ప్రమాదం అన్నదానితో వాళ్ళకి పెద్ద పని లేదు. ఈ ఆటలో, ఈ కదలికలో నీ లోపం ఎంత అడ్డొస్తోంది అన్నదే చూస్తారు. అందుకే ఈతలో ఒక అంకె ఉన్న మనిషికి పరుగులో ఇంకో అంకె ఉండొచ్చు.

ఆ పరీక్ష గురించి ముందే చెప్తే నయం. ముక్కూమొహం తెలియని వర్గీకరణ నిపుణులు ఇద్దరు ముగ్గురు నీ స్టంప్ (తీసేయగా మిగిలిన కాలి భాగం) పొడవు కొలుస్తారు, కీళ్ళు వంచి చూస్తారు, బలం చూస్తారు, ఆ తర్వాత పోటీలో నువ్వు పరిగెత్తుతుంటే పక్కనుంచి గమనిస్తారు. నీ మెడికల్ కాగితాలన్నీ దగ్గరుండాలి. ఉన్న లోపాన్ని ఎక్కువ చేసి చూపిస్తే నిషేధం దాకా వెళ్తుంది. మొదటిసారి నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది, దాచను. తరగతి మారే అవకాశమూ ఉంటుంది. నాతోపాటు విసిరే ఒకావిడ ఎప్పుడూ మూడో స్థానంలో ఉండేది. మళ్ళీ పరీక్ష చేసి పై తరగతికి మార్చేసరికి ఎనిమిదికి పడిపోయింది. ఆవిడ విసిరే దూరం ఒక్క సెంటీమీటరు కూడా తగ్గలేదు. ఆర్నెల్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు పాపం. అందుకని నీ విలువని స్థానంతో ముడిపెట్టుకోకు. స్థానం ఇంకొకళ్ళ చేతుల్లో ఉంటుంది, టైము నీ కాళ్ళలో ఉంటుంది. నీ తరగతిలో వాళ్ళ టైములు ఎవరైనా చూసుకోవచ్చు, రహస్యమేమీ లేదు. వాటి పక్కన నీది పెట్టుకుని చూడు. మొదట్లో బాధ కలుగుతుంది. కానీ ఆ బాధ తిన్నగా ఉంటుంది, మెలికలుండవు. జాలి పెట్టే బాధకంటే వెయ్యిరెట్లు నయం.

ఇంకో మాట కూడా అనుభవంతో చెప్తున్నాను. నువ్వు నిజంగా బాగా పరిగెత్తిన రోజున జాలి పోయి అనుమానం మొదలవుతుంది. మార్కుస్ రేమ్ అనే జర్మన్ లాంగ్‌జంపర్ ఉన్నాడు. 14 ఏళ్ళప్పుడు వేక్‌బోర్డింగ్ (పడవ లాగుతుంటే పలక మీద నీళ్ళపై జారే ఆట) ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద పోయింది. కృత్రిమ అవయవాలు తయారు చేసే పనే నేర్చుకున్నాడు. 2014లో మామూలు అథ్లెట్లతో పోటీపడి 8.24 మీటర్లు దూకి జర్మనీ జాతీయ ఛాంపియన్ అయ్యాడు. యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌కి మాత్రం ఎంపిక చేయలేదు. బ్లేడ్ వల్ల లాభం కలుగుతోందేమో అన్నారు. 2023లో 8.72 దూకాడు. మరుసటేడు పారిస్ ఒలింపిక్స్‌లో లాంగ్‌జంప్ స్వర్ణం వచ్చింది 8.48కి. బ్లేడ్ లాభమా నష్టమా అన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. రెండు వైపులా వాదించేవాళ్ళలో నిజాయితీపరులున్నారు. నేను చెప్పేది అంతకంటే చిన్న మాట. చివరొచ్చినవాడి బ్లేడ్ గురించి ఎవరూ అనుమానపడరు.

సరే, ఇప్పుడు కాలి సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది మనసు విరిగి మానేయరు, చర్మం చిట్లి మానేస్తారు.

నీకిప్పుడున్నది నడకకి చేసిన కాలు. పరుగు తీసేటప్పుడు ఒక్కో అడుగుకీ నీ ఒంటి బరువుకి రెండింతలు పైగా సాకెట్ (కృత్రిమ కాలిలో స్టంప్ దూరే గిన్నె లాంటి భాగం) మీద పడుతుంది. స్టంప్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. చెమటకి లైనర్ (స్టంప్‌కి వేసుకునే మెత్తని తొడుగు) లోపల జారుతుంది. నడుస్తున్నప్పుడు తెలియని చిన్న రాపిడి, పరుగులో అరగంటకల్లా బొబ్బ అవుతుంది. అందుకని ప్రాక్టీసు అవగానే ఎంత అలసటగా ఉన్నా సరే, కాలు విప్పి, చిన్న అద్దం పట్టుకుని స్టంప్ చుట్టూ చూసుకో. ముఖ్యంగా మూడు చోట్లు: ముందువైపు ఎముక చివర, మోకాలికి బయటివైపు కిందుగా ఉండే గుబ్బ, మోకాలి వెనక మడత. ఎర్రబడితే కంగారు లేదు, పావుగంట, ఇరవై నిమిషాల్లో మామూలైపోవాలి. ఆ తర్వాతా ఎరుపు అలాగే ఉందంటే సాకెట్ అక్కడ నొక్కుతోందని అర్థం. కాలు తయారుచేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించు. ఊరికే "నొప్పిగా ఉంది" అంటే వాళ్ళకి ఏమీ తెలియదు. పొద్దున స్టంప్ మీద ఎన్ని సాక్సులు వేశావు, మధ్యలో ఎన్ని కలిపావు, ఎన్ని మీటర్ల తర్వాత మొదలైంది అన్నది పుస్తకంలో రాసి తీసుకెళ్ళు. లైనర్ రోజూ రాత్రి కడిగి ఆరబెట్టుకో. బొబ్బ వచ్చిన రోజు కాలు పెట్టుకోవద్దు, ఆ పూట చేతుల వ్యాయామమో పొట్ట వ్యాయామమో చేసుకో. ఒక్క రోజు ఓర్చుకోలేక నెల పోగొట్టుకున్నవాళ్ళని ఎంతోమందిని చూశాను.

వాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక ఏడాది సీజన్‌కి రెండు నెలల ముందు నా కుడి భుజంలో సలుపు మొదలైంది. కోచ్‌కి చెప్తే ఆపేస్తారని దాచాను. నేను మరిచిపోయింది ఏంటంటే, నాకు భుజం ఒట్టి భుజమే కాదు, కాలు కూడా. చంకకర్ర మీద ఇంటికి నడిచేదీ దానితోనే, మెట్లెక్కేదీ దానితోనే. మిగతావాళ్ళు మైదానం వదిలాక వాళ్ళ భుజానికి విశ్రాంతి దొరుకుతుంది, నాకు దొరకదు. మూడో వారానికి గ్లాసు ఎత్తలేకపోయాను. ఆ సీజన్ మొత్తం పోయింది. నీ విషయంలో ఆ భుజం లాంటిది నీ కుడికాలు. నువ్వు మైదానంలో ఉన్నా ఆఫీసులో ఉన్నా అది రెండు కాళ్ళ పని చేస్తోంది. దాని అలసట కూడా పుస్తకంలో రాయాలి.

పరుగుకి ముందు బలం కావాలి. మడమ లేదు, పిక్క లేదు కాబట్టి ఆ పని చాలావరకు పిరుదుల కండరాలు, తొడ వెనక కండరాలు చేయాలి. నువ్వు చేసేది కూర్చుని చేసే ఉద్యోగమైతే గంటకోసారి లేచి మోకాలు పూర్తిగా చాపు. పడుకునేటప్పుడు స్టంప్ కింద దిండు పెట్టుకునే అలవాటు ఉంటే మానెయ్, మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. పళ్ళు తోముకునేంతసేపు కృత్రిమ కాలి మీదే నిలబడటం సాధన చెయ్యి, పక్కన గోడ ఆసరా ఉండేలా చూసుకో. ఒంటికాలి మీద అరనిమిషం కదలకుండా నిలబడగలిగాక, మెట్టు మీద ఆ కాలితో ఎక్కి దిగడం. తర్వాత వేగంగా నడక. ఆ తర్వాతే ముప్ఫై, నలభై మీటర్ల చిన్న పరుగులు, మధ్యలో పూర్తి విశ్రాంతితో. నీ ఇప్పటి పాదం ఈ చిన్న పరుగులకైనా తట్టుకుంటుందో లేదో కాలు చేసినవాళ్ళనీ, ఫిజియోథెరపిస్టునీ అడిగి మొదలుపెట్టు. ఇది మొక్కుబడిగా చెప్తున్న మాట కాదు. నడక పాదాలు అన్నీ ఒక రకంవి కావు.

బ్లేడ్ గురించి అందరూ ముందే అడుగుతారు. అది కార్బన్ ఫైబర్ పొరలతో చేసిన స్ప్రింగు లాంటిది. నీ బరువు పడ్డప్పుడు ఒంగి, లేచేటప్పుడు అందులో కొంత శక్తి తిరిగి ఇస్తుంది. తనంతట తాను ఏ శక్తీ పుట్టించదు. నీ బరువుని బట్టి, నువ్వు పరిగెత్తే దూరాన్ని బట్టి ఎంత గట్టిది కావాలో ఎంచుతారు. మడమ ఉండదు కాబట్టి దాని మీద కదలకుండా నిలబడటం కష్టం. బ్లేడ్ వేసుకున్నవాళ్ళు గీత దగ్గర అటూ ఇటూ ఊగుతూ ఉండటం చూసే ఉంటావు, కంగారు వల్ల కాదు అది. ఖరీదైన వస్తువు. దొరికేదాకా ఆగుదామనుకుంటే మాత్రం దొరికే రోజుకి నీ ఒళ్ళు సిద్ధంగా ఉండదు. బలం పని ఇవాళే మొదలుపెట్టొచ్చు, దానికి బ్లేడ్ అక్కర్లేదు.

నీకు 400 అంటే ఇష్టమని తెలుసు. ఒక సంగతి ఆలోచించు. ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతాం, అంటే మలుపులో ఎడమ కాలు లోపలివైపు ఉంటుంది. బ్లేడ్ ఎడమ కాలికి ఉన్నవాళ్ళకి మలుపు ఎక్కువ కష్టం, వేగం తగ్గుతుంది. కుడికాలికి ఉన్నవాళ్ళకి అంత ఉండదు. ఇది నీ తప్పు కాదు, తిరిగే దిక్కు అలాంటిది. నేనైతే మొదటి ఏడాది 100 మీటర్లు, లాంగ్‌జంప్ చేసి చూడమంటాను. రెండూ తిన్నగా పరిగెత్తేవే. ఇంకోటి, ప్రతి తరగతికీ ప్రతి పోటీ పెట్టరు. పెద్ద పోటీల్లో నీ తరగతి ఆడవాళ్ళకి ఏ దూరాలున్నాయో ముందే చూసుకుని దిగు.

చూసుకున్నా సరే, నీ చేతిలో లేనివి ఉంటాయి. జావెలిన్ విసిరే దేవేంద్ర ఝఝారియా చిన్నప్పుడు కరెంటు తీగ తగిలి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. 2004 ఏథెన్స్‌లో 62.15 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత 2008లోనూ 2012లోనూ అతని తరగతికి జావెలిన్ పోటీయే పెట్టలేదు. పన్నెండేళ్ళు! మామూలు అథ్లెట్‌కి అది మొత్తం ఆట జీవితం. 2016 రియోలో మళ్ళీ పెట్టారు. అతను 63.97 విసిరి, తన రికార్డు తనే దాటి, మళ్ళీ స్వర్ణం తీసుకున్నాడు. ఆ మధ్యకాలంలో పారాలింపిక్ పతకం వచ్చే దారే లేదు. అయినా అతను విసిరే దూరం తగ్గలేదు. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

పాత 62 సెకన్ల గురించి. దాన్ని మరిచిపొమ్మని చెప్పను, మరిచిపోలేవు కూడా. కానీ కొత్త పుస్తకంలో ఆ అంకె రాయకు. నతాలీ డు టాయిట్ దక్షిణాఫ్రికా ఈతగత్తె. 2001లో 17 ఏళ్ళప్పుడు, స్కూటర్ మీద వెళ్తుంటే కారు గుద్ది ఎడమ కాలు పోయింది. మళ్ళీ నడవడం నేర్చుకోకముందే ఆమె నీళ్ళలో దిగింది. నీళ్ళలో కృత్రిమ కాలు లేకుండా, ఒక్క కాలితో తన్నుతూ, ఒంటి సమతూకం మొత్తం కొత్తగా నేర్చుకుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో, పారాలింపిక్స్‌లో కాదు, ఒలింపిక్స్‌లో, 10 కిలోమీటర్ల ఈతలో 16వ స్థానంలో వచ్చింది. 16 అనే అంకె నాకు చాలా ఇష్టం. ఎవరూ బుజ్జగించి ఇచ్చింది కాదది. ఆమె వెనక రెండు కాళ్ళున్నవాళ్ళు ఉన్నారు, ముందూ ఉన్నారు.

అమ్మ సంగతి. ఆవిడ భయం ఉత్తి భయం కాదు, అది ముందు ఒప్పుకో. ఒక కాలు పోయినవాళ్ళకి రెండో మోకాలు వయసుతో పాటు త్వరగా అరిగే ప్రమాదం నిజంగానే ఎక్కువ. కానీ దానికి విరుగుడు కదలకుండా కూర్చోవడం కాదు. బరువు పెరగకుండా చూసుకోవడం, తొడ కండరాలు గట్టిగా ఉంచుకోవడం, కుంటు లేకుండా నడవడం, పరుగు మెల్లగా పెంచుకోవడం. ఇవన్నీ ఆవిడకి నువ్వు చెప్తే వినరు. ఈసారి సాకెట్ సరిచేయించుకోవడానికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఆవిడ ప్రశ్నలు ఆవిడనే అడగనివ్వు. మధ్యలో నువ్వు సమాధానం చెప్పకు. మా అమ్మ నన్ను పదేళ్ళు వద్దంటూనే ఉంది. ఒకరోజు కోచ్ రాకపోతే టేపు అవతలి కొస పట్టుకోవడానికి మైదానంలో ఇంకెవరూ లేరు, అమ్మే పట్టుకుంది. "నిన్నటికంటే తక్కువొచ్చిందే, ఏమైంది నీకు" అంది. ఆ తర్వాత మళ్ళీ వద్దనలేదు. అందుకని స్టాప్‌వాచ్ కొన్నాక దాన్ని మీ అమ్మ చేతికివ్వు.

కోచ్‌ని వెతికేటప్పుడు వికలాంగులకి నేర్పిన అనుభవం ఉండాలన్న పట్టుదల వద్దు, ఉంటే మంచిదే. తెలియనిది నీ దగ్గర నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్న మంచి స్ప్రింట్ కోచ్ చాలు. మొదటి వారంలోనే తెలిసిపోతుంది. నువ్వేం చేసినా "సూపర్" అంటున్నారంటే ఆ మనిషి నీకు పనికిరారు. "చేతులు అడ్డంగా ఊపుతున్నావు, తిన్నగా ఊపు" అని విసుక్కుంటున్నారంటే వదలకు.

నొప్పికి, లేని కాలిలో వచ్చే సలుపుకి, నిద్రకి మందులు వాడుతుంటే వాటి జాబితా ఇప్పుడే రాసిపెట్టుకో. డోపింగ్ నియమాలు మనకీ అవే. అవసరమైన మందు నిషిద్ధ జాబితాలో ఉంటే వైద్య కారణాల మీద ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. పోటీ దగ్గరికొచ్చాక పరిగెత్తితే అది కుదరదు.

మళ్ళీ ఎవరైనా స్టేజీ ఎక్కించి మైకు చేతికిస్తే కోపం తెచ్చుకోకు, దిగిపోకు. "నేను 5 కిలోమీటర్లు ఇన్ని నిమిషాల్లో పూర్తి చేశాను, వచ్చేసారి ఇంతలో చేయాలనుకుంటున్నాను" అని చెప్పి మైకు తిరిగిచ్చెయ్. వినేవాళ్ళలో ఒక్కరైనా తర్వాతిసారి నీ టైము గురించే అడుగుతారు.

ఈ వారంలో ఒకరోజు పొద్దున్నే చదునుగా ఉన్న చోట 100 మీటర్లు కొలిపించు. పరిగెత్తకు, నీ కాలు నడకకి చేసింది కదా. నీకు చేతనైనంత వేగంగా నడువు. అమ్మ టైము చూస్తుంది. కొత్త పుస్తకం మొదటి పేజీలో తారీఖు, టైము, సాక్సులు ఎన్ని వేశావో రాసుకో. ఆరు వారాలు నేను చెప్పిన బలం పని చేసి, అదే చోట, అదే సమయంలో మళ్ళీ నడువు. ఆ రెండు టైములూ నాకు పంపు. బాగుంటే బాగుందంటాను, లేకపోతే లేదనే అంటాను.

మీ అక్క